బందరు కోటను కాచిన నీరు

హైదరాబాదులోని బేగం బజారు పేరు వినని తెలుగువారు అరుదు. మిరియాలు, ఎండు పండ్లు, ఇత్తడి పాత్రలు అచట టోకున అమ్ముడగును. నిజాం ఆలీఖాన్ భార్య హమ్దా బేగము ఆ స్థలమును వర్తకులకు ఇచ్చినదనియు, అందుచేతనే దానికి ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. ఇంత వర్తకము జరుగు నగరమునకు దగ్గరలో సముద్రము లేదు. గోలకొండ సుల్తానుల నాటి నుండి దీనికి సముద్రద్వారము తూర్పున ఉన్న మచిలీపట్టణము. జనులు దానిని బందరు అందురు. పారసీకములో ఆ మాటకు రేవు అని అర్థము. ఆ రేవును కాచుటకు ఒక కోట ఉండెను. 1759లో ఒక్క రాత్రిలో ఆ కోట చేయి మారుటతో హైదరాబాదు దర్బారులో ఫ్రెంచివారి పలుకుబడి అంతరించెను.

కోట పట్టణములో లేదు. పట్టణమునకు సుమారు మైలున్నర దూరమున, సముద్రపు పాయ ఒకటి లోనికి చొచ్చుకొని వచ్చిన చోట దానిని కట్టిరి. పాయ ఒక వైపు, బురదనేల మిగిలిన వైపుల. తూర్పున మాత్రము సముద్రతీరపు ఇసుకదిబ్బలు కొంత గట్టినేలను ఇచ్చుచుండెను. పట్టణము నుండి కోటకు పోవలయునన్న బురదపై వేసిన సుమారు రెండువేల గజముల కట్టబాట ఒక్కటే దారి. పటములో చూచిన ఇది నేలమీది కోటయే. వాస్తవమునకు దీవి అని చెప్పవచ్చును. తీరమున సముద్రపు లోతు చాల తక్కువ. పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేసి, సరకును చిన్న పడవలలోనికి దింపవలసి ఉండెను. కనుక శత్రునౌక దగ్గరకు వచ్చి కోటపై ఫిరంగులు పేల్చుట సులభము కాదు.

ఈ రేవునకు డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను వచ్చి వర్తకశాలలు పెట్టిరి. 1750లో ఫ్రెంచివారు పట్టణమును, కోటను పట్టుకొని, కోటను నాటి యూరపు పద్ధతిని బాగుచేసిరి. పొడవు సుమారు 800 గజములు, వెడల్పు 500 గజములకు పైగా. చుట్టును పదునొకండు బురుజులు, నీటి కందకము.

గోలకొండ కోటను చూచిన విద్యార్థులకు ఇచట ఒక సందేహము కలుగవచ్చును. బందరు గోడలు నల్లరాతివి కావు. లోపల మట్టి, పైన ఇటుక. కృష్ణా డెల్టాలో రాయి దొరకదు, మెత్తని నేల రాతిగోడ బరువును మోయలేదు. అయితే ఇది లోపము కాదు. ఫిరంగిగుండు తగిలినపుడు రాయి పగులును, పెంకులు ఎగిరి కావలివారినే గాయపరచును. మట్టి అట్లు కాదు. గుండు దానిలో దిగబడి, దాని వేగమంతయు మట్టిని నొక్కుటలోనే వ్యయమగును. పైగా పగలు పడిన గండిని రాత్రి తట్టలతో మట్టి పోసి పూడ్చవచ్చును. ముట్టడి నాళ్ళలో ఫ్రెంచివారు అట్లే చేసిరి.

ఆ ముట్టడి ఎట్లు వచ్చెననగా, ఉత్తర సర్కారులను ఫ్రెంచివారు 1753లో నిజాం సలాబత్ జంగు వలన పొందిరి. విజయనగరపు ఆనందగజపతిరాజునకు వారి పెత్తనము గిట్టలేదు. ఆయన పిలుపుపై క్లైవు బంగాళము నుండి కర్నలు ఫోర్డు అనునతనిని పంపెను. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫోర్డు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించి, 1759 మార్చి 6న బందరు చేరెను. అతని వద్ద యూరోపియనులు సుమారు నాలుగు వందలు, సిపాయిలు పదునాలుగు వందలు. కోటలోని సైన్యమే అంతకంటె ఎక్కువ!

ఇసుకదిబ్బలపై ఫిరంగులను నిలిపి మార్చి 25 నుండి ఫోర్డు కోటను కొట్టించెను. జీతములు అందక అతని సోల్జర్లు అంతకు ముందే తిరుగబడిరి. సలాబత్ జంగు పెద్ద సైన్యముతో కదలి వచ్చుచుండెను. పుదుచ్చేరి నుండి ఫ్రెంచి ఓడలు వచ్చునని వదంతి. ఏప్రిల్ 6 నాటికి తుపాకిమందు రెండు రోజులకు మాత్రమే మిగిలెను. ముట్టడి ఎత్తి, ఓడ ఎక్కి పోవుటయే మేలని ఎవరైనను అందురు. ఫోర్డు మాత్రము మరునాటి రాత్రి కోటపై పడుటకు నిశ్చయించెను.

ఎన్నుకొనిన వేళ నడిరేయి. చీకటి కొరకు మాత్రమే కాదు. కందకములోని నీరు సముద్రపు నీరే. పోటుతో పెరిగి ఆటుతో తరుగును. ఆ రాత్రి నడిరేయికి ఆటు పూర్తియై కందకములో మూడడుగుల నీరు మాత్రమే ఉండుననియు, మనిషి నడిచి దాటవచ్చుననియు అతనికి తెలిసెను. మన తీరమున సముద్రము రోజుకు రెండుమారులు పొంగి రెండుమారులు తగ్గును. ఒక పోటునకును తరువాతి ఆటునకును నడుమ సుమారు ఆరుగంటల పండ్రెండు నిముషములు. చంద్రుడు ప్రతిదినము సుమారు ఏబది నిముషములు ఆలస్యముగా నడినెత్తికి వచ్చుటచేత, ఆటుపోటుల వేళయు అట్లే వెనుకకు జరుగుచుండును. తీరమున పుట్టి పెరిగిన జాలరివానికి ఇది వ్రేళ్ళపై లెక్క. ఫోర్డు దాడికి గడియారము ఆ లెక్కయే.

రెండవ సంగతి బురద. నైరుతి వైపు ఊబి దాటరానిదని నమ్మి ఫ్రెంచివారు అచట రక్షణ తగ్గించిరి. కాని కొందరు దేశీయులు ఆ బురదలో నడచుటను ఇంగ్లీషువారు చూచిరి. యార్క్, నాక్స్ అను కెప్టెనులు స్వయముగా పోయి పరీక్షించి, మోకాలి లోతు మాత్రమే అని కనుగొనిరి. నీరు, బురద ఉన్న చోటులను మ్యాపుపై గుర్తించుట ఒకటి, వాటి లోతును కొలిచి చూచుట మరొకటి. ఇదంతయు ఫ్రెంచివారి కన్నుల ఎదుటనే ఉండెను.

ఏప్రిల్ 7 రాత్రి నాక్స్ సిపాయిలతో బురద దాటి నైరుతిన అలజడి చేసెను. ఆనందరాజు సైనికులు కట్టబాటపై కోలాహలము చేసిరి. కాన్‌ఫ్లాన్స్ దాడి ఎటు నుండి వచ్చుచున్నదో తెలియక తికమకపడుచుండగా, అసలు దళములు కందకపు నీటిలో దిగి, ఈశాన్యమున బురుజుల గండ్ల గుండ లోనికి పోయెను. తెల్లవారునప్పటికి కోట లొంగెను. ఖైదీలు సుమారు అయిదు వందల యూరోపియనులు, రెండువేల అయిదు వందలకు పైగా ఇతరులు. పట్టుకొనినవారికంటె పట్టుబడినవారే ఎక్కువ. గోడలపై 120 ఫిరంగులు దొరకెను. వారము గడిచిన తరువాత ఫ్రెంచి ఓడలు కనిపించెను. అప్పటికి కోటపై ఇంగ్లీషు జెండా ఉండెను.

సలాబత్ జంగునకు ఇక యుద్ధముపై మనసు లేదు. ఆయన తమ్ముడు నిజాం ఆలీ హైదరాబాదు వైపు కదలుచున్నాడని వార్త. (బేగం బజారు పేరునకు మూలమైన బేగముగారి భర్త ఈయనయే.) తమ్ముని భయముచే అన్న 1759 మే 14న సంధి చేసికొని, మచిలీపట్టణమును చుట్టుప్రక్కల జిల్లాలతో ఇంగ్లీషువారికిచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యము నుండి పంపివేయుటకు ఒప్పుకొనెను.

కోట ఆ తరువాత నూరేండ్లు ఇంగ్లీషువారి చేత ఉండెను. దాని మీదికి వచ్చిన తుది దాడి మనుష్యులది కాదు. 1864 నవంబరు 1న గొప్ప తుపాను తీరమును తాకెను. తుపాను నడుమ గాలి ఒత్తిడి తగ్గుటచే సముద్రమట్టము కొంత పైకి లేచును. ఒక మిల్లీబారు ఒత్తిడి తగ్గిన సుమారు ఒక సెంటీమీటరు. ఇది స్వల్పమే. అసలు ప్రమాదము గాలి నీటిని తీరమువైపు నెట్టుట. సముద్రము లోతుగా ఉన్న ఆ నీరు అడుగున వెనుకకు పారును. బందరు వంటి లోతులేని తీరమున దానికి చోటు చాలక నీరు గోడవలె పైకి పెరుగును. శత్రునౌకలను దూరముగా నిలిపిన లోతులేమియే, ఆ రాత్రి ఉప్పెనను ఎత్తెను. నీరు మామూలు పోటుకంటె సుమారు 13 అడుగుల ఎత్తున పట్టణమంతట వ్యాపించి, మైళ్ళ కొలది లోనికి పోయెను. చనిపోయినవారు ముప్పదివేల మందియని అంచనా. నిన్నటి వరకు రక్షణగా ఉన్న పల్లపునేలపై తప్పించుకొని ఎక్కుటకు గుట్ట ఒకటి లేదు. మరుసటి సంవత్సరము సైన్యమును కోట నుండి తీసివేసిరి.

ఫోర్డు దాడికి జంకని గోడలు ఆ వెనుక మట్టిలో కలిసెను. నేడు బందరుకోట అనబడు చోట పాత ఆయుధాగారపు కట్టడము నిలిచి ఉన్నది. దాని చుట్టునున్న నేల నేటికిని చిత్తడిదే.