సాక్ష్యపత్రము లేని శరణార్థులు

క్రీ.శ. 1598లో నాలుగవ హెన్రీ నాంట్ శాసనముచే ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టెంట్లకు ప్రసాదించిన మతస్వేచ్ఛను పదునాలుగవ లూయీ 1685 అక్టోబరులో రద్దుచేయగా, దేశము విడుచుట నిషిద్ధమైనను, పట్టుబడిన పురుషులకు రాజనౌకలలో తెడ్లు వేయు శిక్ష తప్పదని యెరిగియు, హ్యూగనాట్లనబడు ఆ ప్రొటెస్టెంట్లు వేలకొలది రహస్యముగా సముద్రము దాటి లండను చేరిరి. అచట థ్రెడ్‌నీడిల్ వీథిలోని ఫ్రెంచి దేవాలయపు పెద్దలు, సంఘమున చేరవచ్చినవారిని, వారి విశ్వాసమునకు పూర్వసంఘమిచ్చిన సాక్ష్యపత్రము చూపుమని యడుగుచుండిరి. బోధకులు దేశబహిష్కృతులై, ఆలయములు నేలమట్టమైన పిదప ఆ పత్రమును వ్రాసి యిచ్చువారెవరు? కావున పత్రము లేనివారిని మతవిషయములలో ప్రశ్నించియో, ఎరిగినవారి సాక్ష్యము వినియో చేర్చుకొనుచుండిరి.

ఇంతకంటె చిక్కైనది మరియొకటి గలదు. వచ్చినవారిలో, మతము మార్పించుటకై రాజు తమ యిండ్లలో దింపిన సైనికుల హింసకు తాళలేక మతత్యాగపత్రముపై చేవ్రాలు చేసినవారును, కథోలికుల పూజకు పోయినవారును అనేకులు. నేటి విచారణాధికారి యెదుట అట్టి చేవ్రాలు శరణార్థి మాటను శంకించుటకు ఆధారము కాగలదు. ఆ పెద్దలు మాత్రము దానిని మానవదౌర్బల్యముగా నెంచి, సభాముఖమున పశ్చాత్తాపము ప్రకటింపజేసి సంఘమున కలుపుకొనిరి. బాధితునిచేతనే తప్పొప్పించుట నాకు క్రూరముగనే తోచుచున్నది. ఐనను భయమునకు లొంగినవాడు విశ్వాసహీనుడు కాడని వారు గ్రహించిరి.