కెనడాలో జనరంజన పరిణామము

జనులకు నచ్చినదే యిచ్చుచున్నామని చెప్పుకొనుట వర్తకునకును, పత్రికాధిపతికిని, రాజకీయ నాయకునకును తుల్యముగా సుఖమైన సమాధానము. కాని కెనడాలో ఈ సమాధానమునకు ఆదినుండియు నొక చిక్కు కలదు. ఆ దేశ జనులలో అధికసంఖ్యాకులు అమెరికా సరిహద్దునకు చేరువగా నివసించుటచే, తమకు నచ్చునదేదో తాము తేల్చుకొనకమునుపే పొరుగుదేశపు పాటయు, పరిహాసమును వారి యిండ్లలో మ్రోగుచుండెను.

1928 డిసెంబరులో ఒట్టావా ప్రభుత్వము, బ్యాంకు అధ్యక్షుడైన సర్ జాన్ ఎయిర్డు నాయకత్వమున రేడియో విషయమై ఒక సంఘమును నియమించెను. కెనడా శ్రోతలు వినుచున్న కార్యక్రమములలో అధికభాగము వెలుపలినుండి వచ్చుచున్నవేయని ఆ సంఘము మరుసటి యేట నివేదించినది. నల్లజాతివారి మాటతీరును తెల్లనటులు వెక్కిరించి నవ్వించిన ‘ఏమోస్ అండ్ ఆండీ’ అచ్చట మిక్కిలి ప్రియమైన కార్యక్రమము. దీనిని జనాభిరుచి యనుట సులభమే. అయితే ప్రకటనదారుల ధనముతో అమెరికాలో సిద్ధమైన కార్యక్రమమును తెచ్చి వినిపించుట, స్వదేశమున క్రొత్తదానిని నిర్మించుటకంటె ఎంతో చౌక యనుటను మరువరాదు. ప్రసారములు నడుపవలసినది రాజ్యమా, అమెరికా సంయుక్త రాజ్యములా యని ప్రజారేడియోకై ఉద్యమించిన గ్రాహమ్ స్ప్రై ప్రశ్నించినపుడు పోరు ఈ చౌకదనముతోడనే. 1936లో జాతీయ ప్రసార సంస్థ సీ.బీ.సీ. వెలసెను. విచిత్రమేమనగా, ఆ సంస్థయు అమెరికా వాణిజ్య కార్యక్రమములకు చోటీయక తప్పినది కాదు.

రాజకీయములందు రేడియో చూపిన ప్రభావము ఇంతకంటె గాఢమైనది. కాల్గరీ నగరమున పాఠశాల ప్రధానోపాధ్యాయుడైన విలియం ఏబర్‌హార్టు 1925 నుండి రేడియోలో బైబిలు ప్రసంగములు చేయుచు ప్రెయిరీ రైతుల కుటుంబములకు పరిచితుడయ్యెను. అనావృష్టియు, గోధుమధరల పతనమును, అప్పులును ఆల్బర్టాను క్రుంగదీసిన దినములలో, 1932లో, జనుల చేతికి ప్రభుత్వమే ధనము పంచవలెనని బ్రిటిషు ఇంజనీరు మేజర్ డగ్లస్ ప్రతిపాదించిన ‘సోషల్ క్రెడిట్’ సిద్ధాంత మాయనకు తటస్థించెను. ఆ శుష్క అర్థశాస్త్రము సామాన్య రైతును తనంతట ఆకర్షించునది కాదు. ఏబర్‌హార్టు దానిని ప్రసంగముగను, నాటకముగను మార్చి, అంగారక గ్రహమునుండి వచ్చిన యొక అతిథిచేత సమృద్ధినడుమ ఈ దారిద్ర్యమేలయని రేడియోలో అడిగించి, వయోజనులకు నెలకు 25 డాలర్లు లభించునని ఆశ గొల్పెను. 1935 ఆగస్టు 22న జరిగిన ఎన్నికలలో 63 స్థానములకుగాను 56 ఆయన పక్షమునకే దక్కినవి. అంతవరకు పాలించిన రైతుపక్షమునకు ఒక్కటియైన మిగులలేదు.

నెలకు 25 డాలర్లు మాత్రము రాలేదు. ఎన్నికైనవారిని వెనుకకు పిలుచు హక్కును ఓటర్లకు శాసనరూపమున ఒసగిన ఆ ప్రభుత్వమే, 1937లో ఏబర్‌హార్టు నియోజకవర్గమువారే దానిని ఆయనపై ప్రయోగింపబూనగా, ఆ శాసనమును రద్దు గావించెను. విమర్శించు పత్రికలను కట్టడిచేయ తలపెట్టిన మరియొక చట్టము 1938లో సుప్రీంకోర్టునందు చెల్లలేదు. దాని నెదిరించినందులకు ‘ఎడ్మంటన్ జర్నల్’ పత్రికకు ప్రత్యేక పులిట్జర్ గౌరవము లభించినది. ఇంత జరిగియు ఆ పక్షము 1971 వరకు అధికారమున నిలిచినదనిన, ప్రజలను మూఢులని తీసివేయుటకు నాకు మనసొప్పదు. వారి ఆకలి నిజము, ఔషధమే కల్పితము.

యుద్ధానంతరము కళలనుగూర్చి విచారించిన విన్సెంట్ మాసీ సంఘపు సూచన ననుసరించి 1957లో కళాపోషణకు కెనడా కౌన్సిల్ ఏర్పడినది. ఆ పెద్దలు సామాన్యుని వినోదమును కొంత చిన్నచూపు చూచిరి. అదే కాలమున శనివారపు రాత్రులలో దేశమంతయు టెలివిజన్‌లో హాకీ చూచుచుండెను. దానిని రుచింపజేయుటకు ఎవ్వరును శ్రమపడలేదు.

పిమ్మట నియంత్రణయుగము. 1971 జనవరి నుండి ఏ.ఎం. రేడియోలో వినిపించు సంగీతమున నూటికి ముప్పదివంతులు కెనడావారిదై యుండవలెనని ప్రసార నియంత్రణ సంస్థ విధించినది. టెలివిజన్‌లోనూ ఇట్టి నిర్బంధమే. 1980లో ‘ఎస్.సీ.టీ.వీ.’ హాస్యబృందమును రెండు నిమిషముల కెనడా విషయము చేర్చుడని కోరగా, రిక్ మొరానిస్, డేవ్ థామస్ అనువారు ఉన్నిటోపీలు ధరించి బీరు త్రాగుచు వ్యర్థప్రలాపము లాడు సోదరులుగా నటించి ఆ నిర్బంధమునే ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళియే దేశమునకు ప్రీతిపాత్రమై, గ్రామఫోను రికార్డుగను, 1983లో చలనచిత్రముగను వెలువడెను!

ఆ బీరే పిమ్మట రాజకీయమున ప్రవేశించినది. 2018 ఎన్నికలలో డగ్ ఫోర్డు ఆంటారియో ప్రజలకు డాలరుకొక బీరని వాగ్దానము చేసి, గెలిచి, ఆగస్టు 27 నుండి కనిష్ఠధరను డాలరుంబావు నుండి డాలరునకు దించెను. 1983లో నందమూరి తారక రామారావు కిలో రెండురూపాయలకు బియ్యమిచ్చెదననినది మన పాఠకులకు వెంటనే స్ఫురింపవచ్చును గాని, బియ్యమునకు పేదయింట ఎదురుచూచువారు ఉండిరి. డాలరు బీరునకై ఉద్యమించినవారెవ్వరు? పెక్కు తయారీదారులు గిట్టుబాటు కాదని తిరస్కరించిరి. ఒప్పుకొన్న కొలదిమందిలో కొందరు కొంతకాలమునకే మానుకొనిరి. ఫోర్డు మాత్రము 2022లోను, మరల 2025 ఫిబ్రవరిలోను గెలిచెను. ఈ 2025 ఎన్నికలకు కొలదివారములు ముందుగా 200 డాలర్ల చెక్కులు ఆంటారియో ఇండ్లకు టపాలో చేరినవి. ఏబర్‌హార్టు సొమ్మువలె గాక, ఇవి బ్యాంకులో చెల్లినవి.