రెండు కవర్లు, ఒక వోటు

తపాలా వోట్లను లెక్కించు తీరు చాలామంది చూచి యుండరు. బయటి కవరును బట్టి వోటరు ఎవరో తెలియును. లోపలి చిన్నకవరులో వోటు ఉండును. మొదట పేరు సరిచూచి, పెద్దకవరును తీసివేసి, చిన్నకవర్లన్నిటిని కలిపివేసిన పిమ్మటగాని వాటిని విప్పరు. మనిషి నిజమైనవాడా అన్నది ఒకచోట తేలును, వోటు ఎవరికన్నది మరొకచోట. ఈ పాత ఉపాయమునే కంప్యూటరు లోనికి దింపిన దేశము ఎస్తోనియా.

బాల్టిక్ తీరమున నున్న ఈ దేశపు జనాభా సుమారు 13 లక్షలు. 2002 నుండి అక్కడి పౌరులకు చిప్పు అమర్చిన గుర్తింపు కార్డు లున్నవి. వోటరు ఇంటిలో కూర్చుండి అభ్యర్థిని ఎన్నుకొనగానే ఆ వోటు సంకేతలిపిలోనికి మారును, ఇది చిన్నకవరు. దానిపై కార్డుతో చేసిన సంతకము పెద్దకవరు. సంకేతమును విప్పు తాళపుచెవి ఎన్నికల అధికారుల యొద్దనే యుండును. సంతకములను వేరుచేసిన తరువాతనే దానిని వాడుదురు.

ఇంతవరకు సులభమే. చిక్కంతయు కాగితము, ఇంటర్నెట్టు పక్కపక్కన నడచినప్పుడు వచ్చినది. ఒకడే రెండు విధముల వోటు వేసిన నేమి? ఇంటిలో వోటు వేయువాని వెనుక యజమానియో, పార్టీవాడో నిలబడిన నేమి? దీనికి వారు చేసిన నియమము: ఇంటర్నెట్టులో ఎన్నిసార్లయినను వోటు మార్చుకొనవచ్చును, చివరిదే చెల్లును; బూతుకు వెళ్లి కాగితముపై వేసినచో ఇంటర్నెట్టు వోటు రద్దగును.

దీనిని నాటి అధ్యక్షుడు ఆర్నోల్డ్ ర్యూటెల్ ఆక్షేపించెను. కాగితముపై వోటు వేసినవానికి మార్చుకొను వీలు లేదు గదా, ఇది సమానత్వ మెట్లగునని ఆయన వాదన. తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అయినను 2005 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నియమమును నిలిపినది. ఈ మార్గము అందరికిని తెరిచియే యున్నది. మార్చుకొను వీలే బెదిరింపునుండి రక్షణ యని కోర్టు భావించినది. మరల మార్చగల వోటును కొనుట వలన కొనువానికి లాభమేమి?

ఆ అక్టోబరు స్థానిక ఎన్నికలలో 9,317 మంది ఇంటర్నెట్టులో వోటు వేసిరి. వారిలో 30 మంది తరువాత కాగితముపై వేయగా, మిగిలిన 9,287 వోట్లు లెక్కకు వచ్చినవి. ఆ 30 మంది బెదిరింపుచే వచ్చిరో, నమ్మకము చాలక వచ్చిరో, మనసు మారి వచ్చిరో ఎవరును అడుగలేదు, అడుగరాదు కూడ.

ఈ రక్షణలో ఒక లోటు చాలకాలము మిగిలినది. ఎన్నిక దినమున బూతులలో అచ్చువేసిన జాబితాలు వాడుటచే, ఆనాడు వోటు మార్చుకొనుటకు వీలుండెడిది కాదు. 2021లో జాబితాలు కంప్యూటరులోనికి వచ్చినందున ఆ అడ్డు తొలగినది. అంతకుముందే, 2013 నుండి, తన వోటు సరిగా చేరినదో లేదో వోటరు ఫోనుతో చూచుకొను ఏర్పాటు వచ్చినది. 2023 పార్లమెంటు ఎన్నికలలో ఇంటర్నెట్టు వోట్లే సగమును మించినవి.

కాగితము తోడులేని ఎన్నిక మాట వేరు. సంకేతలిపి శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘము 2025లో ఇంటర్నెట్టులోనే పాలకవర్గమును ఎన్నుకొనినది. తాళపుచెవి మూడు భాగములుగా ముగ్గురి యొద్ద ఉంచిరి. మూడును కలిసిననేగాని ఫలితము తెరువబడదు. ఒకరు తమ భాగమును పోగొట్టుకొనిరి. ఆ విద్యలో ఆరితేరినవారికే తమ వోట్లు తెరువరానివైనవి. ఇద్దరి భాగములున్నను చాలునని నియమము మార్చి, మరల ఎన్నిక జరిపిరి.