లోబాన్, సమ్గ్, కతీరా: మూడు పదాల ప్రయాణం

అరబీ వైద్య గ్రంథాలను తెనిగించేవారికి చెట్ల స్రావాల పేర్లు పెద్ద పరీక్ష. పదం తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసినట్లు కాదు. దేశం మారేసరికి అదే పేరు వేరొక చెట్టును పట్టుకుంటుంది.

అరబీలో 'సమ్గ్' అనే మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. సమ్గె అరబీ తుమ్మజాతి చెట్ల బంక. సమ్గుల్ బుత్మ్ అగ్గిలో మండే మరొక స్రావం. తెలుగు ఈ రెండింటినీ వేరు చేస్తుంది. నీటిలో కరిగేది లేదా ఉబ్బేది బంక. నీటికి లొంగక నిప్పుమీద పొగలిచ్చేది గుగ్గిలం, సాంబ్రాణి. తుమ్మబంక ఎరిగిన చెరుకుపల్లి రైతుకు ఈ భేదం కొత్త కాదు. అన్నింటినీ 'జిగురు' అని రాసే అనువాదం ఆ భేదాన్ని చెరిపివేస్తుంది.

'లుబాన్' చరిత్ర మరింత ఆసక్తికరం. ఈ పదధాతువులో పాలు, తెలుపు అనే భావం ఉంది. అరబీలో ఇది ఒమాన్‌లోని జుఫార్, హద్రమౌత్, సోమాలియా ప్రాంతాల ధూపద్రవ్యం. దీనికే కుందుర్ అని మరో పేరు. మన అడవుల్లోని అందుగు ఈ చెట్టుకు దగ్గరి బంధువు. అరబ్బు వర్తకులు సుమత్రాలో దొరికే వేరొక సుగంధ స్రావాన్ని 'లుబాన్ జావీ' అన్నారు. 14వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన ఇబ్న్ బతూతా ఆ చెట్టును వర్ణించాడు. ఐరోపావారు 'లు'ను ఉపపదమని పొరబడి వదిలేయగా మిగిలినదే 'బెంజాయిన్'. గోల్కొండ పాలనలో మచిలీపట్నం ఓడలు సుమత్రాలోని అచేతో వర్తకం చేసేవి. చెరుకుపల్లికి సమీపాన ఉన్న నిజాంపట్నంలో డచ్చివారు 1606లో, ఆంగ్లేయులు 1611లో అడుగుపెట్టారు. మన ఇళ్లలో నేడు లోబాన్ అనేది, ఇరుగుపొరుగువారు సాంబ్రాణి అనేది, సాధారణంగా ఈ సుమత్రా జాతి ద్రవ్యమే. ఇక 'ఊదువత్తి'లోని ఊదు తెలుగు క్రియ కాదు. అగరు కొయ్యను తెలిపే అరబీ 'ఊద్'.

'కతీరా' ఇరాన్ ముళ్లపొద బంక. మన దేశంలో ఆ పేరు కొండగోగు, తపసి బంకలకు దక్కింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ తపసి బంకనే గిరిజనుల వద్ద కొంటూ వచ్చింది.

కనుక ప్రాచీన గ్రంథంలోని లుబాన్‌ను 'సాంబ్రాణి' అని రాస్తే, ఔషధం కోరిన పాఠకుడు అంగట్లో వేరొక వస్తువు కొని సేవించే ప్రమాదముంది. అల్‌బీరూనీ తన 'కితాబుస్సైదన'లో ఒక్కొక్క ఔషధానికి యునానీ, సుర్యానీ, ఫార్సీ, హిందీ పేర్లను చేర్చింది ఇటువంటి గందరగోళం తీర్చడానికే. మనమూ మూలపదాన్ని నిలిపి, దాని పక్కన చెట్టును, దేశాన్ని, గుణాన్ని పేర్కొనాలి. అనువాదకుని అమానతు అదే.