కుట్టు మిషను కథ

మన ఇళ్లలో ఓ మూలన గుడ్డ కప్పుకుని కూర్చునే కుట్టు మిషనుకు ఇంత చరిత్ర ఉందని మనలో ఎందరం అనుకుంటాం? దర్జీ అనే మాట పారసీ నుంచి వచ్చింది. ఆ భాషలో 'దర్జ్' అంటే కుట్టు. ఆ పనిమీద బతికే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి గనుక ఈ కథ నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

చేతి సూదికి బెజ్జం వెనుక కొసన ఉంటుంది. సూది మొత్తం గుడ్డలోంచి అవతలకి పోవాలి, మళ్లీ ఇవతలకి రావాలి. ఈ పని ఇనుముతో చేయించబోయి చాలామంది ఓడిపోయారు. 1790లో థామస్ సెయింట్ అనే ఇంగ్లీషు వడ్రంగి తోలు కుట్టే మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ కాగితాలు ఎనభై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు.

1830లో ఫ్రాన్సులో బార్తలెమీ తిమోనియే అనే దర్జీ కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేసే మిషనుకు పేటెంటు పొందాడు. దానికి దారం ఒక్కటే. బియ్యం బస్తా మూతి కుట్టు చూశారుగా? సరైన కొస పట్టి లాగితే సర్రున ఊడి వస్తుంది. గొలుసు కుట్టంటే అదే. పారిస్‌లో దాదాపు 80 మిషన్లు పెట్టి సైనికుల దుస్తులు కుట్టిస్తుండగా, 1831లో దర్జీలు గుంపుగా వచ్చిపడి వాటిని విరగ్గొట్టారు. తిమోనియే 1857లో పేదరికంలోనే కన్నుమూశాడు.

అసలు చిక్కు విడింది అమెరికాలో. 1830ల్లో వాల్టర్ హంట్ సూది బెజ్జాన్ని మొన దగ్గర పెట్టి, రెండు దారాలతో కుట్టే మిషను చేశాడు. కాని అప్పట్లో పేటెంటు తీసుకోలేదు. ఆ తరహా మిషనుకు 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందాడు.

అది పనిచేసే తీరు ఇది. సూది గుడ్డలోకి దిగి, తిరిగి పైకి లేవబోతుంటే కింద దారం కాస్త వదులై చిన్న ఉచ్చులా నిలుస్తుంది. రెండో దారం మోసే షటిల్ ఆ ఉచ్చులోంచి దూరిపోతుంది. పై దారం బిగియగానే రెండూ గుడ్డ మధ్యలో పెనవేసుకుంటాయి. ఒక కొస లాగినంత మాత్రాన ఊడదు.

1851లో ఐజాక్ సింగర్ నిలువుగా దిగే సూది, గుడ్డను నొక్కిపట్టే పాదం, కాలితో తొక్కే ట్రెడిల్ గల మిషను తెచ్చాడు. గుడ్డను ముందుకు జరిపే పళ్ల ఏర్పాటుకు 1854లో అలెన్ విల్సన్ పేటెంటు పొందాడు. హోవ్ సింగర్ మీద దావా వేసి 1854లో గెలిచాడు. చివరకు 1856లో తయారీదారులు పేటెంట్లన్నీ కలిపేసుకుని రాజీపడ్డారు. అదే ఏడాది సింగర్ కంపెనీ వాయిదాల మీద అమ్మకం మొదలుపెట్టింది. దాంతో మామూలు సంసారుల ఇళ్లలోకీ మిషను వచ్చింది.

యంత్రాలంటే అంతగా జంకిన గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు.

పారిస్ దర్జీలను మూర్ఖులని తీసిపారేయడానికి మాకు మనసొప్పదు. వాళ్లు మిషనును చూసి భయపడలేదు, పస్తులుంటామని భయపడ్డారు. ఆ 80 మిషన్లలో ఒక్కటీ వాళ్లది కాదు మరి! అదే మిషను కుట్టేవాళ్ల సొంతమైతే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకే ఒక ఆడకూతురికి కుట్టుపని నేర్పితే సగం మేలే చేసినట్టు. మిషను ఆమె సొంతమైనప్పుడే మేలు పూర్తవుతుంది.