పొణికి బొమ్మ, బాల్సా రెక్క

జర ఇటు జరుగుండ్రి, పొగ కండ్లల్ల కొడుతది. ఇంకో రెండు పుల్లలు ఎయ్యి బిడ్డా, చలి ముదురుతున్నది. మన చిన్నోడు ఆ రిమోట్ విమానం ముందలేసుకొని పొద్దుమాపు ఒకటే తండ్లాట: ఏ రంగెయ్యాలె, ఏ డబ్బా కొనాలె అని. రంగు ముచ్చట గదా, నేను జెప్త ఇనుండ్రి.

నేను పట్నంల చదువుకునే రోజులల్ల ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌ల చేరిన. దాంట్ల ఏరోమోడలింగ్ అని ఒక పని ఉంటది, చిన్న విమానాలు చేసుడు, ఎగరేసుడు. ఇప్పటికీ వాయుసైనిక్ క్యాంపులల్ల దాని పోటీలు పెడుతనే ఉన్నరు. మాకు మొదలు ఇచ్చింది బాల్సా కర్ర. దక్షిణ అమెరికా చెట్టు అది. చేతిల పట్టుకుంటె బరువే తెల్వది, గోరు గుచ్చితె దిగుతది. నాకైతె సూడంగనె మన పొణికి కర్ర యాదికొచ్చింది.

పొణికి ఎర్కేనా మీకు? నిర్మల్ బొమ్మలు చేసే కర్ర. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదికెళ్ళి పోతె నిర్మల్ మనకెంత దూరం! సెలవులల్ల నేను ఆడికి పొయ్యి నకాషీ వాళ్ళ పక్కన కూసొని సూసేది. బొమ్మను ముక్కలు ముక్కలుగ చెక్కుతరు. చింతగింజలు నూరి, ఉడకబెట్టి, దాంట్ల రంపపు పొట్టు కలిపి ఆ ముక్కలు అతుకు పెడుతరు. అతుకు కాడ అదే లప్పం రుద్దుతరు. ఆరినంక నున్నగ చేసి తెల్ల సుద్ద పూస్తరు. గప్పుడు గదా రంగు ముట్టుకునేది! వెనకట ఆకు పసర్లు, మట్టి రంగులు. నేను సూసేనాటికి డ్యూకో వచ్చి కూసున్నది.

ఈ డ్యూకో కథ మంచిగుంటది. 1923 ప్రాంతంల అమెరికాల డ్యూపాంట్ కంపెనీ మోటరు కార్లకోసం తెచ్చిన రంగు అది. అంతకుముందు ఒక కారుకు రంగేసి ఆరబెట్టాలంటె వారాలు పట్టేది. డ్యూకో వచ్చినంక గంటలల్ల ఆరవట్టె. దాని అసలు సరుకేందో ఎర్కేనా? పత్తి! పత్తి పీచును ఆమ్లాలల్ల నానబెడితె నైట్రోసెల్యులోజ్ అయితది. దాన్ని తిన్నర్‌ల కరిగించి రంగు కలిపితె డ్యూకో. ఇంచుమించు అదే సరుకును రంగు లేకుంట కరిగిస్తె డోప్. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రెక్కలకు బట్ట చుట్టి డోప్ పూసేది, ఆరుకుంట బట్టను డోలు తోలు లెక్క బిగదీసేది. నిర్మల్ బొమ్మ మెరుపు, విమానం రెక్క బిగువు రెండూ మన చేండ్లల్ల పండే పత్తికెళ్ళి వచ్చినయే. ఒక్కటి మాత్రం యాదిల పెట్టుకోండ్రి, తుపాకి మందు చేసే పత్తి గూడ అదే కుటుంబం. డోప్ డబ్బా మూత తీసి ఇసొంటి మంట కాడికి తెచ్చేరు, ఇల్లు అంటుకుంటది.

నిర్మల్‌ల సూసిన పనే మాకు ఎయిర్ వింగ్‌ల సార్ నేర్పిండు, లప్పం మాత్రమే వేరు. డోప్‌ల ముఖానికి పూసుకునే పౌడర్ కలిపి బాల్సాకు పుయ్యమనేది. కర్ర ఈనెలల్ల సందులు నిండాలె. ఆరినంక రేగుమాల్ కాయితంతోని రుద్దుడు, మళ్ళ పూసుడు, మళ్ళ రుద్దుడు. బొమ్మకైతె పూత మీద పూత పడ్డా ఏం గాదు, అల్మారాల కూసుంటది. ఎగిరేదానికి అట్ల గాదు బిడ్డా. పూసినదాంట్ల సగానికంటె ఎక్కువ గీకి తియ్యాలె. సందుల ఉన్నది ఉండాలె, పైన ఉన్నది పోవాలె. సార్ తరాజు పెట్టుకొని కూసునేటోడు, రంగుకు ముందు తూకం, రంగు తర్వాత తూకం. మరి తోక దిక్కు పెరిగిన బరువు ఇంకా పాపం. విమానం తూకం నిలిచే జాగ నుంచి తోక దూరం, ముక్కు దగ్గర. గందుకే తోక కాడ ఒక తులం రంగు ఎక్కువ పడితె ముక్కుల రెండు మూడు తులాల సీసం పెట్టాలె. అందుకే తోకకు ఎప్పుడు పల్చటి చెయ్యి.

మా జట్టుల ఒక పోరడు సిరిసిల్ల మగ్గం బట్ట తెచ్చిండు, రెక్కకు చుట్టుదమని. మంచి గట్టి బట్ట. సార్ పట్టుగుడ్డ ముక్క, ఈ ముక్క పక్క పక్కన పెట్టి రెండింటికీ డోప్ పూసి తూకమేసిండు. నూలు బట్ట తన బరువు చాలదన్నట్టు డోప్ గూడ అంతకంత తాగింది. అందుకే పెద్ద మోడళ్ళకు సన్న పట్టుగుడ్డ, చిన్నవాటికి పల్చటి టిష్యూ కాయితం వాడుతుంటిమి.

అప్పటి ఇంజన్లకు మిథనాల్‌ల ఆముదం కలిపి పోసేది, మూడు పాళ్ళకు ఒక పాలు లెక్క. ఇంజను పేలుతుంటె మైదానమంత ఆముదం వాసన! ఆ పొగల గూడ కాలని నూనె, మిథనాల్ రెక్క మీద పడేది. మామూలు ఎనామెల్ అయితె నాలుగు సార్లు ఎగరేసేసరికి మెత్తబడి వేలికి అంటేది. నైట్రేట్ డోప్, అంటె ఇందాక చెప్పిన నైట్రోసెల్యులోజ్‌ది, గూడ ఆగదు. దానికి మందు బ్యూటిరేట్ డోప్. కింద నైట్రేట్ పట్టు మంచిగుంటది, పైన బ్యూటిరేట్ నూనెను ఆపుతది. వరుస తిరగేస్తె పూత లేస్తది. ఏ కొత్త డబ్బా అయినా సరే, పనికిరాని బాల్సా ముక్కకు ఏసి, ఆరినంక దాని మీద ఇంజన్ నూనె చుక్క పెట్టి ఒక రాత్రి ఉంచాలె. పొద్దుగాల బట్టతోని తుడిస్తె రంగు అంటకుంటనే అది విమానానికి. ఇప్పుడు రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలియురేథేన్ రంగులు వచ్చినయ్, నూనెను మంచిగ ఆపుతయ్. కాని వాటి గట్టిపరిచే మందు ఊపిరికి షానా చెడ్డది. సరైన మాస్కు లేకుంట, ఇంట్ల తలుపులేసి ఎవరన్న కొడితె నేను ఊకోను.

వానాకాలం సంగతి గూడ చెప్పాలె. ముసురు పట్టిన దినం డోప్ గాని, డ్యూకో గాని కొడితె పైన తెల్లగ పాలపొర లేస్తది. తిన్నర్ తొందరగ ఆవిరైతుంటె రెక్క చల్లబడుతది, గాలిల చెమ్మ దాని మీద కూసుంటది. తెల్వనోళ్ళు డబ్బా ఖరాబైందంటరు. మెల్లగ ఆరే తిన్నర్ కలపాలె, లేకుంటె ఎండ వచ్చేదాక ఆగాలె. మన దిక్కు మే ఎండలది ఇంకో బాధ. నల్ల, ముదురు నీలం రంగులు వేడిని గుంజుతయ్. ఫోం రెక్క వంగుతది, ఇస్త్రీ పెట్టి అతికించిన ఫిల్మ్ ముడుతలు పడుతది.

నకలు విమానమంటె ఇంకో కన్ను ఉండాలె. పెద్ద విమానం మీదున్న రంగు డబ్బాను తెచ్చి చిన్నదానికి కొడితె ముదురుగ, ఆటబొమ్మ తీరుగ కొడుతది. మనం పెద్దదాన్ని దూరం నుంచి, నడుమల ఇంత గాలిలకెళ్ళి సూస్తం. రంగు ఎలిసినట్టు అయితది. అందుకే కొద్దిగంత తెలుపు కలపాలె, మెరుపు గూడ సగం తగ్గించాలె. వెండి రంగుతోని ఇంకా జాగ్రత్త. 1951ల ఎగిరిన మన హెచ్‌టీ-2 అంతా లోహపు విమానం. అసొంటిదాని నకలుకు డోప్‌ల అల్యూమినియం పొడి కలిపి కొడితె, కిందున్న ఒక్కొక్క గీతను పైకి తెచ్చి చూపెడుతది. లప్పం పని ఎట్ల చేసినవో వెండి దాచదు.

వైమానిక దళం గుర్తు నడుమ ఆకుపచ్చ, దాని సుట్టు తెలుపు, బయట కాషాయం. పిల్లలు షానాసార్లు తిరగేసి ఏస్తరు. శిక్షణ విమానాలకు వెనకట పసుపు రంగు ఎందుకేసిన్రంటె దూరానికి కండ్లకు కొట్టాలెనని. 1996ల బీదర్‌ల మొదలైన సూర్యకిరణ్ విమాన విన్యాసాల జట్టు ఎర్ర తెలుపు అందుకే గాలిల అంత మంచిగ కనవడుతది. రిమోట్ పట్టుకున్నోనికి అది అందం కంటె ముందు అవసరం. విమానం దూరం పోయినంక ఏది మీది దిక్కో, ఏది కింది దిక్కో తెల్వకుంటె ఉల్టా కమాండిచ్చి కూలగొట్టుకుంటడు. రెక్క కింద అడ్డం పట్టీలు, పైన ఒక్కటే రంగు ఉంచితె సూడంగనె తెలుస్తది.

ఇగ నీ సంగతి చిన్నోడా. నీది థర్మాకోల్, మోటరు కరెంటుది, నూనె బాధ లేదు. బజారుల దొరికే స్ప్రే డబ్బా కొడితె దాంట్ల తిన్నర్‌కు థర్మాకోల్ గుంతలు పడి కరిగిపోతది. నీళ్ళల్ల కలిసే అక్రిలిక్ తెచ్చుకో, దాని మీద నీళ్ళ వార్నిష్ ఒక్క పూత, మెరుపు తక్కువది. పసుపే తీసుకో. కింద నల్ల పట్టీలు నాలుగు, సన్నయి, టేపు పెట్టి. టేపును ముందుగాల నీ అంగికి ఒకసారి అంటించి తియ్యి, జిగురు తగ్గుతది, లేకుంటె రంగుతోని కలిసి ఫోం గూడ లేస్తది. తోక కాడ బ్రష్ పిండుకొని ముట్టు. కొట్టే ముందు ఒకసారి, ఆరినంక ఒకసారి, రెండు సార్లు తూకమెయ్యి. ఎంత పెరిగిందో నాకు చెప్పు, ముక్కుల బ్యాటరీ ఎంత ముందుకు జరపాలెనో గప్పుడు సూద్దాం.