ఎలుక వాహనుడి సీమలో ఎలుకల వేట

ఐనవిల్లి అనగానే మనకి సిద్ధివినాయకుడే గుర్తొస్తాడు. పరీక్షల ముందు పిల్లల కలాలు స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చుకున్న తల్లులు మనలో ఎంతమంది లేరూ! గుళ్ళో స్వామి ముందు కూర్చున్న ఎలుకకి కూడా ఓ దణ్ణం పెట్టుకుంటాం. గుడి దాటి చేలోకి అడుగుపెట్టామో, అదే ఎలుక రైతుకి పగవాడైపోతుంది. దణ్ణం పెట్టిన చేత్తోనే బుట్ట పెట్టాలి మరి! కోనసీమలో వరి పండినన్నాళ్ళూ ఈ చిక్కు తప్పదు.

ఈ జంతువుకి మన తెలుగువాళ్ళు చేసిన ఉపకారం ఒకటుంది. మన ‘పందికొక్కు’ ఇంగ్లీషువాళ్ళ నోట పడి ‘బాండికూట్’ అయింది. ఆ మాట ఓడెక్కి ఆస్ట్రేలియా చేరి, అక్కడ కడుపు సంచిలో పిల్లల్ని మోసే మరో జంతువుకి పేరైపోయింది. మన మాటల్లో దేశాలు తిరిగినది ఏదయ్యా అంటే పందికొక్కు! నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

పొలాల్లో ఎక్కువగా కనిపించేది దాని చిన్న తమ్ముడు. తిన్నంత తిని ఊరుకుంటే పోనీ అనుకోవచ్చు. కంకులు కొరికి కలుగులోకి మోసుకుపోయి గాదె నింపుకుంటుంది. మూడు వారాల్లో ఈనుతుంది. ఆ పిల్లలు మూణ్ణెల్లు తిరక్కుండా తల్లులవుతాయి. మన ఇంటి ఖర్చులు కూడా ఇంత తొందరగా పెరగవేమో!

దీని మీద మనవాళ్ళు కనిపెట్టిన ఆయుధం ఎలుకబుట్ట. వెదురుతో అల్లిన బుట్ట, విల్లులా వంచిన బద్ద, తాడు ఉచ్చు, లోపల గుప్పెడు గింజలు. ఎలుక మూతి పెట్టి ఎర లాగిందా, బద్ద విడివడి ఉచ్చు బిగుస్తుంది. తంజావూరు రైతులకి కూడా ఇలాంటి విల్లుబుట్టలే ఉన్నాయి. కావేరి డెల్టా అయినా గోదావరి డెల్టా అయినా ఎలుక బుద్ధి ఒకటే కదా!

నా చిన్నప్పుడు బుట్టలాయన సాయంత్రం కావడి నిండా బుట్టలతో వచ్చేవాడు. పొద్దున్నే పడ్డవాటిని తెచ్చి అరుగు ముందు లెక్కపెట్టి, “ఆయ్, మీ గట్టుమీదే పెద్దది పడిందండి అమ్మగారూ” అనేవాడు, మాకేదో బహుమతి వచ్చినట్టు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే కుంచంతో ధాన్యం కొలిచేది. మగపిల్లలు చదువు మానేసి ఆయన వెంట పడేవారు. ఆయన చెప్పింది చదువు కాదని మాత్రం ఎలా అంటాం? సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసెయ్యాలి. తెల్లారి ఏది తెరుచుకుంటే దాంట్లో ఎలుక ఉన్నట్టు. తక్కినవన్నీ ఖాళీ ఇళ్ళే. ఇప్పుడు వ్యవసాయ శాఖవారు రైతులకి చెప్పే పద్ధతీ ఇదే.

ఈ వేటలో అసలు కిటుకు మరొకటుంది. ఒక్క రైతు తన చేలో ఎంత పట్టినా లాభం లేదు. వారం తిరక్కుండా పక్క చేలోవి వచ్చి కాపురం పెడతాయి. ఊరంతా ఒకేసారి పూనుకోవాలి. గట్టు తగాదాతో ఏడాదిగా మాటల్లేని అన్నదమ్ములైనా ఆ రోజు ఒకే గట్టు మీద నడవాల్సిందే. “మీ వైపు ఎన్ని పడ్డాయిరా?” అన్న ఒక్క మాటతో కోర్టుదాకా పోయే తగవులు మెత్తబడతాయి. పంచాయితీ పెద్దలు చెయ్యలేని రాజీ ఎలుక చేసిపెడుతుంది. వినాయకుడి వాహనం కాదూ, విఘ్నాలు తొలగించే గుణం ఎక్కడికి పోతుంది!

కాని ఈ విద్య తెలిసినవాళ్ళని మనం ఎలా చూశాం? నెల్లూరు వైపు యానాదుల్ని తీసుకోండి. కలుగు నోట్లో పొగ ఊది ఎలుకని పట్టడం, కాలవల్లో చేప పట్టడం, అడవిలో మూలికలు గుర్తుపట్టడం వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన విద్యలు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల మీద అచ్చువేసిన 7 సంపుటాల్లో వీళ్ళ గురించీ రాశాడు. రైతు ధాన్యం కాపాడే ఈ చేతులకే ప్రభుత్వం దొంగ ముద్ర వేసింది. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం తరవాత మద్రాసు రాజ్యానికీ వచ్చి యానాదుల్లో కొందరిని పట్టుకుంది. వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు వాళ్ళ పక్షాన జీవితమంతా పనిచేశారు. 1952లో చట్టం రద్దయింది. అయితే, కాగితం మీద పోయిన ముద్ర మన కళ్ళల్లోంచి అంత తొందరగా పోతుందా?

తమిళనాడు ఇరులవాళ్ళ కథ ఇంకా విచిత్రం. వాళ్ళు ఎలుకలూ పడతారు, పాములూ పడతారు. 1972 వన్యప్రాణి చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి కూడు పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వాళ్ళే సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకి మందు తయారవుతుంది. 2017లో వాళ్ళలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, అమెరికాలోని ఫ్లోరిడాకి వెళ్ళి కొండచిలవలు పట్టి, ఎలా పట్టాలో అక్కడివాళ్ళకి చూపించి వచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. ఊరి చివర ఉంచినవాళ్ళని ఊళ్ళు దాటి, సముద్రాలు దాటి గురువుగా పిలిచారన్నమాట!

ఇక మన సంగతి. బుట్టల స్థానంలో మందు వచ్చింది. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమడియోలోన్ 2 పాళ్ళు అని లెక్క. పని చేస్తుంది, కాదనను. కాని మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే దానికీ ముప్పే. రాత్రంతా జీతం లేకుండా వేటాడే కాపలాదారు అది. ఇంట్లో మందు కలిపితే పసిపిల్లలకి అందకుండా దాచే బాధ్యత మనదే. బుట్టకి ఈ బెడదలేవీ లేవు. దానికి కావలసింది అల్లే చెయ్యీ, కలుగు గుర్తుపట్టే కన్నూ.

ఆ చెయ్యీ కన్నూ ఉన్నవాళ్ళు ఇప్పుడు బాగా తగ్గిపోయారు. వాళ్ళ పిల్లలు చదువుకుని వేరే పనులకి వెళ్ళారు, వెళ్ళాలి కూడా. ఆ విద్యని మాత్రం మన పిల్లలూ నేర్చుకుంటే తప్పేముంది? వేసవి సెలవుల్లో ఈత నేర్పిస్తాం, చెస్సు నేర్పిస్తాం. ఓ పూట చేలోకి పంపి కలుగు చూడటం కూడా నేర్పించండి. నేర్పిన పెద్దాయనకి అరుగు కింద కాదు, అరుగు మీద కుర్చీ వేసి కాఫీ ఇవ్వండి. గురుదక్షిణ అక్కణ్ణుంచి మొదలుపెడితే బాగుంటుంది.